బృహద్ధమని యుబ్బు: దానివలన గలుగు నెత్తుటి దోషము, చికిత్స

(వార్షిక మహాసభయందు చేయబడిన యుపన్యాసము)



ఆరోగ్యమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ప్రాతఃకాలమున లేచుట, మితముగా భుజించుట మొదలగు సంగతులను మీరు ప్రతి సభయందును వినుచునే యున్నారు. వానిని మరల వల్లించి మీ కాలమును హరింపను. ఒక్క వ్యాధిని మాత్రమే యెత్తుకొని దానినే చెప్పెదను. అది అరుదైన వ్యాధి. అరుదైనదానిని ఇంత పెద్ద సభలో చెప్పుటేల యని మీరడుగవచ్చును. దాని చికిత్స చూచువారి బుద్ధికి తలక్రిందుగా దోచును. అట్లు దోచుటచేత ఇంటివారే వైద్యునికి అడ్డుపడుదురు. ఆ యడ్డుపాటు మా యింటనే జరిగినది. నేను వైద్యుడనై యుండియు దానిని తొలగించుటకు నాకు రెండు దినములు పట్టినది. ఆ రెండు దినములు రోగికి ప్రాణాంతకములు కాకపోవుట మా యదృష్టము.

2016వ సంవత్సరమున మా మేనమామగారికి 71 ఏండ్లు. చీరాల ప్రాంతమున చిన్ననాటినుండి మగ్గము గుంటలో కాళ్లు పెట్టుకొని బ్రతికినవారు. చుట్ట కాల్చుట యొక్కటే వారికి విలాసము. ఆ వేసవిలో కదలుచున్న పన్నొకటి తీయించుకొనిరి. పన్ను తీసిన చోట నెత్తురు నాలుగు దినములైనను నిలువలేదు. దూది పెట్టినకొలది తడియుచునే యుండెను. అంతకు ఆరు మాసములకు ముందునుండియు ముంజేతులమీద కమిలిన మచ్చలు వచ్చుచు పోవుచు నుండెనట. నాడె తగిలినదనియు, గుంట యంచు ఒరసికొన్నదనియు వారే సమాధానము చెప్పుకొనిరి.

సమీప పట్టణమునందలి వైద్యశాలలో చేర్చిరి. ప్లేట్‌లెట్ల సంఖ్య 58,000 అని తేలెను. ఆరోగ్యవంతునకది 1,50,000 మొదలు 4,50,000 వఱకు నుండవలెను. అది డెంగీజ్వరపు ఋతువు కాదు. రోగికి జ్వరమును లేదు. అయినను డెంగీ యనియే తలచి ప్లేట్‌లెట్ల సంచులెక్కించిరి. రెండు దినములకు సంఖ్య మరల దిగజారెను. మరల నెక్కించిరి, మరల దిగెను. మూడవమారు ఎముకలోని మూలుగను తీసి పరీక్షింపవలెననియు, రక్తపు కేన్సరు కావచ్చుననియు చెప్పుటచే మా బావ భయపడి నాకు కబురుచేసెను.

నేను వెళ్లి కాగితములన్నియు చూచితిని. ఫైబ్రినోజెన్ అను పదార్థము నెత్తుటిలో ప్రతి డెసిలీటరునకు 200 మొదలు 400 మిల్లీగ్రాముల వఱకు నుండవలసినది. వీరికి 90 మాత్రమే యున్నది. డి-డైమర్ అనునది మితిమీరి యున్నది. ఈ రెండును కలిసి ఒక సంగతిని చెప్పుచున్నవి. నెత్తుటిలోని సరకు తయారుకాకపోవుట కాదు. తయారైన సరకు ఎక్కడనో రహస్యముగా ఖర్చగుచున్నది. రోగిని వెల్లకిల పరుండబెట్టి నాభికి కొంచెము పైగా అరచేయి యుంచితిని. చేతిక్రింద ఒక ముద్ద నాడితోపాటు నలుదిక్కులకు ఉబికి యుబికి కొట్టుకొనుచుండెను. ఇన్ని పరీక్షలు జరిగినవిగాని యింతవఱకు ఆ కడుపుమీద ఎవరును చేయి పెట్టలేదు. స్కానింగు చేయించితిమి. ధమని యుబ్బు 6.8 సెంటీమీటర్లు.

ఇచ్చట కొంచెము శరీరశాస్త్రము చెప్పక తీరదు. గుండెయొక్క ఎడమగదినుండి బయలుదేరి, పైకి వంపుతిరిగి, వెన్నెముకకు ముందుభాగముననే క్రిందికి దిగి, ఇంచుమించు నాభికెదురుగా రెండు కాళ్లకును చీలిపోవు మహానాళమునకు బృహద్ధమని యని పేరు. కడుపులో దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లుండును. వయసుచేతను, పొగత్రాగుటచేతను, రక్తపుపోటుచేతను, కొన్ని కుటుంబములలో పుట్టుకతో వచ్చిన దౌర్బల్యముచేతను దాని గోడ సడలి, పాత సైకిలు ట్యూబువలె ఒకచోట ఉబ్బును. 3 సెంటీమీటర్లు దాటినచో దానిని అన్యూరిజము అందురు. అది చాలమందికి ఏ బాధయు పెట్టదు. పెరిగి పెరిగి యొకనాడు పగులును. పగిలినపిదప బ్రతికి బయటపడువారు బహుస్వల్పము. ఆకస్మికముగా కడుపులోగాని నడుములోగాని భరింపరాని నొప్పి, చెమట, మూర్ఛ కలిగినచో నొక్క నిమిషమైనను ఆలస్యము చేయక శస్త్రచికిత్స జరుగు వైద్యశాలకు కొనిపోవలయును.

ఈ యుబ్బు పగులుటయేగాక మరియొక కీడును చేయుననునది నేటి ప్రసంగవిషయము.

నెత్తురు గడ్డకట్టుటను మన కులమువారికి బోధించుట సులభము. ఫైబ్రినోజెన్ అనునది కండెలమీద చుట్టి సిద్ధముగా నున్న నూలు. దెబ్బ తగిలినపుడు థ్రాంబిన్ అను పదార్థము పుట్టి, ఆ నూలును పోగులుగా సాగదీసి, వానితో వలవంటి గుడ్డను నేయును. ఆ గుడ్డకు ఫైబ్రిన్ అని పేరు. ప్లేట్‌లెట్లు ఆ వలలో చిక్కుకొని గాయమునకు అతుకుపడును. పని తీరినపిదప ప్లాస్మిన్ అను మరియొక పదార్థము వచ్చి ఆ గుడ్డను ముక్కలుగా చించి శుభ్రము చేయును. ఆ పేలికలలో నొకదానిపేరే డి-డైమర్. నేతయు చింపుటయు అవసరమైన చోట, అవసరమైనంత జరిగిన మనుష్యుడు సుఖముగా నుండును.

ఉబ్బిన ధమనిలో జరుగునదేమి? అచ్చట నెత్తురు సాఫీగా ప్రవహింపదు, సుడులు తిరుగును. గోడయొక్క నున్నని లోపొర చెడియుండును. ఉబ్బుగోడను అంటుకొని పాతగడ్డ పొరలుపొరలుగా నుండును. ఆ చెడిన గోడను, ఆ పాతగడ్డను నెత్తురు నిరంతరము తాకుచుండుటచే అచ్చట రాత్రింబగళ్లు విశ్రాంతిలేక నేత సాగుచుండును. ఒకచేత నేయుచుండగానే మరియొకచేత చింపుటయు జరుగుచుండును. కాలేయము ఫైబ్రినోజెన్‌ను, ఎముకలోని మూలుగ ప్లేట్‌లెట్లను ఎక్కువగా తయారుచేసి కొంతకాలము నష్టమును పూడ్చును. అప్పుడు రోగికేమియు తెలియదు. ఒకనాటికి ఖర్చు ఉత్పత్తిని మించును. గిడ్డంగి ఖాళీయగును. ఆ దినమున పన్ను పీకినను, సూది గ్రుచ్చినను అతుకువేయుటకు నూలు లేదు. పెద్దలు రక్తపిత్తమని పిలిచిన లక్షణములు పైకి వచ్చును: చిగుళ్లనుండి నెత్తురు, చర్మముమీద కమిలిన మచ్చలు, మూత్రములో ఎఱుపు, నల్లని మలము. వైద్యులు దీనిని డి.ఐ.సి. యందురు, ధమని యుబ్బువలన గలుగునది చాలవఱకు దీర్ఘకాలికమైన రకము.

ఇది యెంతమందికి వచ్చును? 1983లో ప్రచురింపబడిన యొక పరిశీలనయందు, ధమని యుబ్బు గలిగి శస్త్రచికిత్సకు వచ్చిన 76 మంది నెత్తురును పరీక్షింపగా నూటికి 39 మందిలో చింపిన పేలికలు అధికముగా కనబడినవి. నూటికి నలుగురికి మాత్రమే దోషము తీవ్రముగా నుండెను. అనగా లోపల దుబారా జరుగువారు పెక్కుమంది, దివాలా తీయువారు కొలదిమంది.

మన రైతుసోదరులకు దీనిని మరియొకవిధముగా చెప్పవచ్చును. రక్తపింజరి కఱచినవాని నెత్తురు గాజుగొట్టములో పోసి 20 నిమిషములు కదల్పక యుంచినను గడ్డకట్టదని మీరు వినియుందురు. గ్రామీణ వైద్యశాలలలో నేటికిని అదియే పరీక్ష. విషము నెత్తుటిలోని నూలునంతటిని తానే నేయించి వ్యర్థపఱచుటయే దానికి కారణము. ఈ పామునకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు పేట్రిక్ రసెల్ అను వైద్యునిది. ఆయన విశాఖపట్టణమున నుండి మన తీరపు పాములను శోధించి 1796లో గ్రంథము ప్రకటించెను. దీనికి తెలుగువారు చెప్పిన ‘కాటుకరేకుల పొడ’ యను పేరును గూడ వ్రాసికొనెను. అది యట్లుండనిండు. పాము కఱచినవానికి సంచులకొలది నెత్తురెక్కించినను, విషమునకు విరుగుడు సూది పడనిదే ప్రయోజనము లేదు. విషముండగా ఎక్కించిన నెత్తురును గూడ విషము తినివేయును. మా మేనమామగారి ప్లేట్‌లెట్లు రెండుమారులును రెండు దినములలో మాయమైనది అందువలననే. పాము వారి కడుపులోనే చుట్టచుట్టుకొని యున్నది.

ఇక చికిత్స. మందులన్నియు తాత్కాలికములు, ఉబ్బును నెత్తుటి ప్రవాహమునుండి వేరుచేయుటయే నిజమైన చికిత్స. అయితే ఫైబ్రినోజెన్ 90, ప్లేట్‌లెట్లు 58,000 ఉన్నవానిని బల్లమీద పరుండబెట్టి కత్తి పెట్టుటెట్లు? ముందుగా నెత్తురును దారికి తేవలయును. లేనిదానిని నింపుట యందులో నొక భాగము. ఫైబ్రినోజెన్ అధికముగా గల క్రయోప్రెసిపిటేట్ అను సరకును, ప్లాస్మాను, ప్లేట్‌లెట్లను ఎక్కింతురు. కారుచున్న రోగికి ప్లేట్‌లెట్లు 50,000కు తక్కువ కాకుండను, ఫైబ్రినోజెన్ 150కి తక్కువ కాకుండను చూతురు. నింపుటకు ఎవ్వరును అభ్యంతరము చెప్పరు. రెండవ భాగమే చిక్కు: లోపలి మగ్గమును ఆపుట. దానికి హెపారిన్ అను మందు నిత్తురు.

హెపారిన్ నెత్తురు గడ్డకట్టకుండ చేయు మందు. ఈ మాట వినగానే మా యింట ఏమి జరిగినదో చెప్పెదను. మా బావ కాగితము క్రిందపెట్టి, “బావా, నేను సంతకం పెట్టను” అనెను. మా అత్తయ్య లేచి నిలిచి, “ఏం నాయనా! కారే కుండకు మైనం పెడతారు గాని, ఉన్న మైనం గీకేస్తారా? నెత్తురు ఆగడం లేదని తీసుకొస్తే, ఆగకుండా ఉండటానికి మందు ఇస్తానంటావా?” అనెను. ఆమె చదువుకొన్నది కాదు. అయినను ఆమె ప్రశ్న తప్పు కాదు. నేను వైద్యవిద్యార్థిగా నుండగా ఇదే ప్రశ్న మా ఆచార్యుని అడిగి చీవాట్లు తింటిని. జవాబు మాత్రము ఆనాడు దొరకలేదు.

మొదటి దినము నేను ఇంగ్లీషు పేర్లతో వాదించితిని. ఫలము లేకపోయెను. రెండవ దినమున మా అత్తయ్యను కూర్చుండబెట్టి, “అత్తయ్యా, ఇంటిలో ఉన్న నూలునంతా ఒక పిచ్చివాడు మగ్గమెక్కి పగలూ రాత్రీ నేసి పారేస్తున్నాడు. నువ్వు బజారునుంచి ఎంత నూలు తెచ్చినా వాడు నేసేస్తాడు. ముందు నూలు తెస్తావా, వాడి చేతిలోని నాడె లాగేస్తావా?” అని యడిగితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప కొడుకువైపు తిరిగి, “పెట్టరా సంతకం” అనెను.

హెపారిన్ పాతగడ్డలను కరిగించునది కాదు. థ్రాంబిన్ పని నాపి, క్రొత్త నేత జరుగకుండ చూచునది. వ్యర్థవ్యయము ఆగినచో కాలేయమును మూలుగయు తయారుచేసిన సరకు మిగులును; మిగిలిన సరకు గాయమును మూయును. ఈ విధముగా గడ్డకట్టనీయని మందు నెత్తురు కారుటను నిలుపుచున్నది. ఈ మందును 1916లో అమెరికాలోని బాల్టిమోరునందు జే మెక్లీన్ అను విద్యార్థి కుక్క కాలేయమునుండి తీసిన పదార్థములలో కనుగొనెను. ఆతడు వెదకినది నెత్తురును గడ్డకట్టించు పదార్థమునకై. దొరికినది దానికి విరుద్ధమైనది.

అయితే ఇది ఇంటివద్ద ఎవరికి వారు వాడుకొను మందు కాదు. ధమని పగిలియున్నను, మెదడులో నెత్తురు కారుచున్నను ఇయ్యరాదు. కొందఱికి హెపారినే ప్లేట్‌లెట్లను తగ్గించును గనుక దినదినము లెక్క చూడవలయును. మూత్రపిండములు చెడినవారికి రకమును, మోతాదును మార్చవలయును. మరియొక మందు ట్రానెక్సామిక్ యాసిడ్. ఇది 1962లో జపానులో ఉటాకో ఒకమోటో, షోసుకే ఒకమోటో అను దంపతులు వెలువరించినది, చింపుచేతిని కట్టివేయునది. ప్రసవానంతరము కారు నెత్తురునకు ఇది గొప్ప మేలుచేయును. కాని ఈ వ్యాధిలో నేత సాగుచుండగా చింపుటను మాత్రమే ఆపినచో గడ్డలు పేరుకొని కాలివ్రేళ్లకో మూత్రపిండములకో అడ్డుపడవచ్చును. చింపుట మితిమీరినవారికి, హెపారిన్‌తో జోడించి, నేర్పుగల వైద్యుడు మాత్రమే వాడదగినది. నెత్తురు కారుచున్నదని మందులదుకాణములో అడిగి మ్రింగుట కూడదు.

మా మేనమామగారికి హెపారిన్ మొదలిడిన మూడవదినమున చిగురునుండి కారుట నిలిచెను. వారము గడచుసరికి ఫైబ్రినోజెన్ 180కి పెరిగెను. అప్పుడు ధమనిని బాగుచేయ నిశ్చయించితిమి.

ఈ శస్త్రచికిత్సాచరిత్రము మన కులమువారు వినదగినది. 1951లో పారిస్ నగరమున షార్ల్ డ్యుబో అను శస్త్రవైద్యుడు ఉబ్బిన ధమనిని తీసివేసి మృతుని శరీరమునుండి సేకరించిన ధమనిని అతికెను. మృతుల ధమనులు కావలసినన్ని దొరకవు. దొరికినను కొంతకాలమునకు చెడును. ఆ తరువాత కొలది కాలమునకే హ్యూస్టన్ నగరమున మైకేల్ డిబేకీ అను వైద్యుడు గుడ్డతో గొట్టము చేయదలచి, నైలాను కొనుటకై గుడ్డలదుకాణమునకు పోయెను. నైలాను అయిపోయినదనియు డాక్రాను ఉన్నదనియు దుకాణమువారు చెప్పిరి. దానినే కొని, ఇంటికి తెచ్చి, భార్య కుట్టుమిషనుమీద తానే గొట్టముగా కుట్టెను. డాక్రాను పాలియెస్టరు నూలుతో నేసినదే. నేటికిని బృహద్ధమనికి వేయు గొట్టములు చాలవఱకు ఆ నూలుతో నేసినవియో అల్లినవియో యైయున్నవి. మన పడుగుపేకలు మనుష్యుని గుండెక్రింద గూడ పనిచేయుచున్నవని చెప్పుకొనుటకు నాకు కొంచెము గర్వముగానే యున్నది.

1990లో బ్యూనోస్ ఐరిస్ నగరమున హువాన్ పరోడీ అను వైద్యుడు కడుపు కోయకుండ, తొడమొదటి ధమనిగుండా మడిచిన గొట్టమును పంపి, ఉబ్బులోపల విప్పి నిలువబెట్టెను. మా మేనమామగారికి చేసినది ఈ పద్ధతియే. చేసినపిదప నాలుగైదు దినములు ప్లేట్‌లెట్లు మరల తగ్గినవి. ఇంటివారు కంగారుపడిరి. గొట్టమునకు బయట ఉబ్బులో చిక్కిన నెత్తురు గడ్డకట్టుటచే కొందఱికి ఇట్లగును, అది తాత్కాలికము. గొట్టము ప్రక్కనుండి నెత్తురు మరల ఉబ్బులోనికి కారుచున్న యెడల మాత్రము దోషము నిలిచిపోవును గనుక స్కానింగు చేసి చూడవలయును. వీరికట్టి కారుడు లేదు. రెండు మాసములకు ప్లేట్‌లెట్లు 1,70,000. వారు మరియారేండ్లు బ్రతికి వార్ధక్యముచే దివంగతులైరి. చుట్ట మాత్రము పన్ను తీసిననాటినుండి ముట్టలేదు.

అందఱికిని ఇట్టి అదృష్టముండదు. తరువాత నాయొద్దకు వచ్చిన 80 ఏండ్లు దాటిన యొక పెద్దమనిషికి ఉబ్బు ఱొమ్మునుండి కడుపువఱకు వ్యాపించియుండెను, మూత్రపిండములును బలహీనములు. శస్త్రచికిత్సకు తాళలేరని అందఱమును నిశ్చయించితిమి. అట్టివారికి చర్మముక్రింద హెపారిన్ సూదిని ప్రతిదినము ఇచ్చుచు, నెత్తురును పరీక్షించుచు కాలము గడపుట యొక మార్గము. వారి కుమార్తె తానే సూది వేయుట నేర్చుకొని పదునాలుగు మాసములు ఒక్కదినమైన తప్పక వేసెను. ఆ పదునాలుగు మాసములును ఆయన ఇంటనే యుండి, తన చేతితో తినుచు, మనుమలతో ముచ్చటించుచు గడపిరి. సూదికి బదులు రివరాక్సబాన్, అపిక్సబాన్ మొదలగు క్రొత్తమాత్రలతో మేలు కలిగినట్లు కొలదిమంది రోగుల వృత్తాంతములు వైద్యపత్రికలలో వచ్చినవి. అవి యింకను సిద్ధాంతము కాలేదు. పాతదైన వార్ఫరిన్ మాత్ర ఈ దోషమునకు తఱచు పనిచేయదు.

ఒక్క సంగతి ప్రసంగవశమున చెప్పెదను. ఐన్‌స్టీన్ మహాశయునికి 1948లో ఈ ధమని యుబ్బును కనుగొని, దానిచుట్టును సెలోఫేన్ కాగితమును చుట్టిరి. ఆనాటికి తెలిసిన ఉపాయములలో అది యొకటి. ఆయన మరి ఆరేండ్లకు పైగా జీవించి, 1955 ఏప్రిల్ 18న అది పగులుటచే మృతినొందెను. కడపటి దినములలో శస్త్రచికిత్సను ఆయనయే వలదనెను. నేడు మన జిల్లాలోని నేతగానికి గూడ దొరకదగిన గొట్టము ఆనాడాయనకు లేదు.

ఇక కుటుంబముల సంగతి. ఈ ఉబ్బు రక్తసంబంధులలో నడచును. తండ్రికిగాని అన్నకుగాని ఉన్నదని తెలిసినచో తోబుట్టువులును, వయసు మీరిన బిడ్డలును ఒకమారు కడుపు స్కానింగు చేయించుకొనవలయును. 65 ఏండ్లు దాటి, ఎన్నడైన బీడీగాని చుట్టగాని కాల్చిన పురుషులును అట్లే చేయించుకొనుట మంచిది. ఆ పరీక్షలో సూది లేదు, నొప్పి లేదు, పావుగంటలో ముగియును. పురుషులకు 5.5 సెంటీమీటర్లు, స్త్రీలకు 5 వచ్చువఱకు సాధారణముగా శస్త్రచికిత్స అక్కఱలేదు. కాలానుగుణముగా కొలిచి చూచినచో చాలును. కారణము తెలియక నెత్తురు కారుచున్న వృద్ధునికి ప్లేట్‌లెట్లు ఎక్కించినను నిలువనియెడల, “కడుపు స్కానింగు చేసితిరా, ఫైబ్రినోజెన్ చూచితిరా” యని వైద్యుని వినయముగా నడుగుడు. అడిగినందుకు మంచి వైద్యుడు కోపగింపడు.

మా మేనమామగారు ఇల్లు చేరినపిదప వారి తమ్ముని, అనగా మా చినమామను, బలవంతముగా స్కానింగునకు కొనిపోతిమి. “నాకేం జబ్బు లేదురా, మగ్గం మీద పని ఆగిపోతుంది” అని గొణుగుచునే వచ్చిరి. 4.1 సెంటీమీటర్లని తేలెను. నాటినుండి బీడీ మానిరి, రక్తపుపోటుకు మాత్ర వేసికొనుచున్నారు, ఏడాదికొకమారు కొలిపించుకొనుచున్నారు. కడచిన సంవత్సరపు కొలత 4.6. ఆ కాగితమును మడిచి, చీరలు పంపు కట్టలోనే పెట్టి నాకు పంపిరి.